దిగి, ఎక్కి, మళ్లీ దిగి...

ఢాకా నుంచి కోల్‌కతాకు రైలు దారి 375 కిలోమీటర్లు. ఒకప్పుడు ప్రయాణికులు దూరానికి కాదు, మధ్యలో జరిగే తనిఖీకి జంకేవారు. ఆ తనిఖీని ఏమాత్రం సడలించకుండానే ప్రయాణంలో మూడు గంటలు మిగిల్చిన ఓ మార్పు కథ ఇది.

(ఈ గాథలోని తండ్రీకూతుళ్లు, వారికి ఎదురైన మనుషులు, వారి మాటలు ఊహించి అల్లినవి. తేదీలు, ఊళ్లు, ఏర్పాట్లు, పేర్లతో కనిపించే నాయకులు యథార్థం.)

దర్శన, 2014 శీతాకాలం

"తల్లీ, ఎక్స్‌రే కవరు అన్నిటికంటే పైన పెట్టు. నలిగిందంటే వేలూరులో మళ్లీ తీయించమంటారు."

రైలు వేగం తగ్గుతుండగానే పెద్దాయన సీట్లోంచి లేచాడు. ఆయనొక్కడే కాదు, పెట్టె పెట్టెంతా లేచింది. పై అరల్లోంచి సూట్‌కేసులు దిగాయి. సీట్ల కింద తోసిన సంచులు నడవలోకి వచ్చాయి. నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు భుజాన వేసుకున్నారు. కొత్తవాళ్లెవరైనా చూస్తే కోల్‌కతా వచ్చేసిందనుకుంటారు. కోల్‌కతాకు ఇంకా నూరు కిలోమీటర్ల పైనే ఉంది. వచ్చింది దర్శన. బంగ్లాదేశ్ వైపు చివరి స్టేషన్. కేరూ కంపెనీ చక్కెర మిల్లు ఉన్న చిన్న ఊరు.

పొద్దున ఢాకా కంటోన్మెంట్‌లో బయల్దేరిన మైత్రీ ఎక్స్‌ప్రెస్ జమునా నది మీది పొడవాటి వంతెన దాటింది. పాక్‌షీ దగ్గర, 1915లో తెరిచిన హార్డింజ్ వంతెన మీదుగా పద్మానది కూడా దాటింది. రెండు మహానదులూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా ఇక్కడ మొదలవుతుంది.

"అబ్బూ, మీరు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగండి. సామాను సంగతి నేను చూసుకుంటాను."

ఆయన గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ తప్పదన్నారు. వేలూరు వెళ్లి బాగుపడి వచ్చిన బంధువు ఒకాయన ధైర్యం చెబితే బయల్దేరారు. కోల్‌కతా చేరాక హౌరా వెళ్లి దక్షిణాది రైలెక్కాలి. విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై, అక్కణ్నుంచి వేలూరు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగే తెలుగువాళ్లకు ఇలాంటి ప్రయాణికులు కొత్త కాదు. ఒళ్లో రిపోర్టుల ప్లాస్టిక్ సంచి, కిటికీ పక్కన మాటా పలుకూ లేకుండా కూర్చున్న రోగి. వాళ్లు మన పెట్టెలోకి వచ్చి కూర్చునేలోపు ఆ సామాను ఎన్నిసార్లు దించి ఎన్నిసార్లు ఎక్కించారో మనకు తెలియదు.

దర్శనలో వరస కట్టారు. ముందు ఇమిగ్రేషన్. పాస్‌పోర్టు ఇవ్వాలి, ఫారం ఇవ్వాలి, దేశం విడిచి వెళ్తున్నట్టు ముద్ర వేయించుకోవాలి. తర్వాత కస్టమ్స్ బల్ల. సంచి విప్పాలి, చూపించాలి, మళ్లీ సర్దాలి. ఆ తర్వాత సామాను మోసుకుంటూ రైలు దగ్గరికి నడవాలి, ఎక్కాలి, ఎవరి సీట్లో వాళ్లు కూర్చోవాలి. పెద్దాయన వరసలో ఉన్నంతసేపూ సూట్‌కేసునే పీటగా చేసుకుని కూర్చున్నాడు. వరస కదిలినప్పుడల్లా లేచి, దాన్ని రెండడుగులు జరిపి, మళ్లీ కూర్చునేవాడు.

రైలు కదిలింది. పెద్దాయన నీళ్ల సీసా మూత తీశాడు. పూర్తిగా తాగకముందే వేగం మళ్లీ తగ్గింది.

"ఏమిటి, ఏమైంది?"

"గెదే వచ్చింది అబ్బూ. ఇండియా. లేవండి, దిగాలి."

గెదే, అదే రోజు

ఈసారి దేశంలోకి వస్తున్నట్టు ముద్ర. అవే వరసలు, అదే సామాను, వేరే యూనిఫాం. వాళ్ల వీసా మీద ‘రైలు ద్వారా, గెదే’ అని స్పష్టంగా రాసి ఉంది. బంగ్లాదేశీయులకు ఇచ్చే భారత వీసాల్లో ఏ చెక్‌పోస్టు గుండా రావాలో అలా ముందే రాసిచ్చేవారు. ఆ అక్షరాలు చూసుకుని అధికారి ముద్ర వేశాడు. కస్టమ్స్ బల్ల దగ్గరే కాస్త తడబాటు ఎదురైంది.

"కాకూ, ఇన్ని మాత్రలెందుకు?"

చేతిసంచిలో మందుల అట్టలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పెద్దాయన నోరు విప్పేలోపే కూతురు రిపోర్టుల సంచి ముందుకు పెట్టింది.

"మా నాన్నగారివి దాదా. మూడు నెలలకు సరిపడా తెచ్చుకున్నాం. అక్కడ ఇవే దొరుకుతాయో లేదోనని."

అధికారి డాక్టరు చీటీ చూశాడు. మందు పేర్లు రెండు మూడు సరిచూసుకున్నాడు. ఎక్స్‌రే కవరు కూడా చూసి తల ఎత్తాడు.

"వేలూరా? వెళ్లిరండి. అంతా మంచే జరుగుతుంది."

మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో అధికారి చేయాల్సిన పని సక్రమంగా చేశాడు. అనుమానం వచ్చింది, అడిగాడు, కాగితం చూశాడు, వదిలాడు. తండ్రీకూతుళ్లు తిరిగి సీట్లలోకి వచ్చి కూర్చున్నారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. రైలు కదలదు.

"ఇంకా ఎవరు రావాలట?" అని పక్క సీటావిడను అడిగింది కూతురు.

"ఎవరో లగేజీ పార్టీ అట ఆపా. జామ్‌దానీ చీరలు కట్టలుగా తెచ్చాడట. సొంతానికే అంటాడట. వాళ్లేమో సుంకం కట్టమంటారు."

లగేజీ పార్టీ అంటే ఆ దారిలో అందరికీ తెలుసు. ప్రయాణికుల్లా టికెట్ కొని, సరుకు సామానులా మోసి, అవతల అమ్ముకునేవాళ్లు. వాళ్లను పట్టుకోవడం కస్టమ్స్ ధర్మం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ ఒక్కడి చీరల పంచాయితీ తెగేదాకా రైలంతా బందీ. పెళ్లి బస్సులో ఒక్క మేనమామ రాలేదని బంధువులంతా ఉక్కలో కూర్చుని ఎదురుచూసినట్టు, వందల మంది ఆ మనిషి కోసం ఎదురుచూశారు. చివరి ప్రయాణికుడి చివరి సంచి తేలితేగానీ గార్డు పచ్చజెండా ఊపలేడు.

సరిహద్దు రైళ్ల కష్టమంతా ఈ ఒక్క ముడిలో ఉంది. తనిఖీకి మనిషికి పట్టేది కొద్ది నిమిషాలే. పట్టాల మధ్యలో రైలును నిలబెట్టి తనిఖీ చేస్తే, ప్రతి ఒక్కరూ మిగతా అందరి నిమిషాలనూ మోయాలి. విమానాశ్రయంలో ఒకడి పెట్టె గురించి గంట గొడవైనా మిగతావాళ్లు ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు పోతారు. ఇక్కడ ఆ వీలు లేదు. పైగా ఇది ఒకసారి కాదు. ఐదారు కిలోమీటర్ల తేడాలో రెండుసార్లు.

రైలు గెదే వదిలేసరికి చీకటి పడుతోంది. పెద్దాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. "ఆపరేషన్ కంటే ఇదే కష్టంగా ఉంది తల్లీ" అన్నాడు. అది పరిహాసమో, నిజమో కూతురికి అర్థం కాలేదు.

పట్టాలు పాతవే, గీత కొత్తది

ఈ దారి కథ చాలా పాతది. కలకత్తా నుంచి తూర్పుకు వేసిన పట్టాలు 1862లో దర్శన మీదుగా జగతి వరకూ వెళ్లాయి. ఇవాళ్టి బంగ్లాదేశ్ నేల మీద పరిచిన మొదటి రైలు మార్గం అదే. అప్పట్లో అక్కడ గెదే ఒక దేశమూ, దర్శన మరో దేశమూ కావు. 1947లో గీత గీశారు. ఐదేళ్ల తర్వాత, 1952 అక్టోబరులో భారత్‌కూ తూర్పు పాకిస్తాన్‌కూ మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అయినా రైళ్లు నడిచాయి. 1965 యుద్ధంతో అవీ ఆగిపోయాయి. 1971లో బంగ్లాదేశ్ పుట్టినా ప్రయాణికుల రైలు తిరిగి రాలేదు. బస్సు ముందొచ్చింది, 1999లో. రైలు రావడానికి 2008 దాకా పట్టింది.

2008 ఏప్రిల్ 14, బెంగాలీల ఉగాది పొయిలా బొయిశాఖ్. కోల్‌కతాలో నాటి విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ జెండా ఊపారు. అదే రోజు ఢాకా నుంచి మరో రైలు బయల్దేరింది. నలభై మూడేళ్ల తర్వాత ఆ పట్టాల మీద ప్రయాణికులు. పల్లెల్లో జనం కట్టల మీద నిలబడి చేతులూపారు. పేరు కూడా దానికి తగ్గదే, మైత్రీ.

ఆ ఉత్సాహం టికెట్ కౌంటర్ దాకా రాలేదు. మొదటి ఏళ్లలో సీట్లు చాలానే ఖాళీగా పోయేవి. కోల్‌కతాలో ఉన్న అన్నను చూడాలని ఢాకాలో ఎదురుచూసిన తరం ముసలిదైపోయింది. వాళ్లకు దర్శనలో ఓసారి, గెదేలో ఓసారి సామానుతో దిగి ఎక్కడమంటే తలప్రాణం తోకకొచ్చేది. ఓపిక ఉన్న కుర్రాళ్లు బస్సెక్కారు, డబ్బున్నవాళ్లు విమానమెక్కారు. స్నేహం కోసం వేసిన రైలును స్నేహితులే తప్పించుకు తిరిగే పరిస్థితి వచ్చింది.

మూడు ముడులు

మరి తనిఖీని సరిహద్దు నుంచి తీసి, రైలు బయల్దేరే చోటా, చేరే చోటా పెడితే ఏం పోయింది? వినడానికి తేలికే. చేయడానికి మూడు ముడులు విప్పాలి.

మొదటిది చట్టం. అధికారి ఎక్కడ పడితే అక్కడ బల్ల వేసుకుని కూర్చుని సంచులు విప్పమనలేడు. మన కస్టమ్స్ చట్టం 1962లో ఏడో సెక్షన్ ప్రకారం, ఫలానా చోటు ‘ల్యాండ్ కస్టమ్స్ స్టేషన్’ అని నోటిఫై చేస్తేనే అక్కడ సుంకం వసూలు చెల్లుతుంది. ఇమిగ్రేషన్‌కూ అంతే, ఆ చోటు అధీకృత చెక్‌పోస్టు కావాలి. కోల్‌కతా నగరం నడిబొడ్డున, సరిహద్దుకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న రైల్వే ప్లాట్‌ఫాం చట్టం కళ్లకు సరిహద్దుగా మారాలి. అవతల ఢాకాలోనూ అదే జరగాలి.

రెండోది తాళం. కోల్‌కతాలో ముద్ర వేయించుకుని దేశం విడిచినట్టు కాగితం మీద నమోదైన మనిషి, దారిలో రానాఘాట్‌లో రైలు నెమ్మదించినప్పుడు దిగిపోతే? ముద్ర లేని మరొకడు ఎక్కితే? అందుకని ఆ స్టేషన్ల మధ్య రైలు నడవడం కాదు, ఒక మూసిన గదిలా కదలాలి. మధ్యలో ఎవరూ ఎక్కరాదు, దిగరాదు. తలుపుల దగ్గర కాపలా ఉండాలి. ఇంజిన్, సిబ్బంది మారడానికి సరిహద్దు దగ్గర ఆగినా ప్రయాణికుడి పాదం నేల మీద పడకూడదు. మామూలు పెట్టెల రైలుకు ఇది కష్టం. 2017 ఏప్రిల్‌లో మైత్రీని పూర్తి ఏసీ రైలుగా మార్చారు. పది పెట్టెలు, 456 సీట్లు, మూసిన కిటికీలు.

మూడోది గది. అక్షరాలా గదే. చెక్ ఇన్ హాలు, కౌంటర్లు, స్కానర్లు, సుంకం కట్టే చోటు, ఆపినవాళ్లను కూర్చోబెట్టే చోటు, మిగతా ప్రయాణికులతో కలవకుండా కంచె వేసిన ప్లాట్‌ఫాం. చిత్‌పూర్‌లో కట్టిన కోల్‌కతా స్టేషన్ ఇక్కడ కలిసొచ్చింది. హౌరా, సియాల్దాల్లో ఇసుక వేస్తే రాలదు. అక్కడ ఒక ప్లాట్‌ఫాంను విదేశంగా మార్చడం అయ్యే పని కాదు. చిత్‌పూర్ కొత్త స్టేషన్, జాగా ఉంది.

ఈ మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ పనికిరావు. అందుకే మొదటి రైలుకూ, ఈ మార్పుకూ మధ్య తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

2017 నవంబరు 9

ఢిల్లీలో ప్రధాని నరేంద్ర మోదీ, ఢాకాలో ప్రధాని షేక్ హసీనా, కోల్‌కతాలో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ వీడియో తెరల మీద కలిశారు. ఆ రోజు ప్రారంభించిన వాటిలో బంగ్లాదేశ్‌లోని భైరబ్ దగ్గర మేఘనా నది మీద, తితాస్ నది మీద కొత్త రైలు వంతెనలున్నాయి. కోల్‌కతా నుంచి ఖుల్నాకు బంధన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. కెమెరాలన్నీ ఆ కొత్త రైలు మీదే ఉన్నాయి. మైత్రీ ప్రయాణికులు ఏళ్లుగా ఎదురుచూసినది మాత్రం అదే జాబితాలోని మరో అంశం. చిత్‌పూర్‌లో అంతర్జాతీయ రైలు ప్రయాణికుల టెర్మినస్.

ఇకమీదట భారత తనిఖీ కోల్‌కతా స్టేషన్‌లో. బంగ్లాదేశ్ తనిఖీ ఢాకా కంటోన్మెంట్‌లో. గెదే, దర్శనల్లో ఎవరూ దిగనక్కర్లేదు. మూడు గంటలు కలిసొస్తాయని ప్రకటించారు.

ఆ మూడు గంటల కోసం కొత్త పట్టా ఒక్కటీ వేయలేదు. ఇంజిన్ వేగం పెంచలేదు. బల్లలు, ముద్రలు, వాటితోపాటు కూర్చునే మనుషులు చోటు మారారు, అంతే. రైలు వేగమంటే గంటకు ఎన్ని కిలోమీటర్లనే లెక్కే మనకు అలవాటు. అంతర్జాతీయ రైలుకు అసలు లెక్క, అది నిలబడి ఉన్న గంటలది.

మళ్లీ అదే దారి, 2018

ఆపరేషనైన పెద్దాయన పరీక్షల కోసం మళ్లీ వేలూరు బయల్దేరాడు. ఈసారి ఇంట్లో గొడవ. విమానంలో వెళ్దామంది కూతురు. "ఒకసారి చూద్దాం తల్లీ, ఇప్పుడు దించడం లేదంటున్నారుగా" అన్నాడాయన.

ఢాకా కంటోన్మెంట్‌కు తెల్లారకముందే చేరారు. రైలు ఎనిమిదింపావుకు. కూర్చోవడానికి కుర్చీలున్నాయి. సామాను తూకం వేశారు. పెద్దవాళ్లకు 35 కిలోలు ఉచితం, ఆపైన 50 దాకా కిలోకు రెండు డాలర్లు, 50 దాటితే కిలోకు పది. ఒక కుర్రాడు చిన్న సంచి నాలుగోసారి తూకానికెత్తి, అందులోంచి ఊరగాయ సీసా తీసి తమ్ముడి చేతిలో పెట్టి ఇంటికి పంపేశాడు. చీరల కట్టతో వచ్చిన ఒకాయన్ను పక్కకు పిలిచారు. అతనితో మాట్లాడుతూనే ఉన్నారు, వెనకున్న వరస మాత్రం పక్క కౌంటర్ మీదుగా కదిలిపోతూనే ఉంది. కూతురి కళ్లు ఆ దృశ్యం మీదే నిలిచాయి.

"చూశారా అబ్బూ, అతని కోసం మనం ఆగలేదు."

ముద్ర పడ్డాక ప్లాట్‌ఫాం. సామాను ఒక్కసారే ఎక్కింది. జమునా వంతెన మీద రైలు ఎప్పటిలాగే నత్తనడక నడిచింది. ఈశ్వర్దీ దాటింది, హార్డింజ్ వంతెన దాటింది. మధ్యాహ్నానికి దర్శన. రైలు ఆగింది. అలవాటు చొప్పున పెద్దాయన చెయ్యి సంచి మీదికి వెళ్లింది. పెట్టెలో ఎవరూ లేవలేదు. తలుపులు తెరుచుకోలేదు. అద్దంలోంచి పాత తనిఖీ షెడ్డు కనిపిస్తోంది. తాను సూట్‌కేసు మీద కూర్చున్న చోటు ఎక్కడుందో వెతుక్కున్నాడాయన.

రైలు కదిలాక కూతురు గడియారం అరగంట వెనక్కి తిప్పింది. ఢాకా సమయం మన సమయం కంటే అరగంట ముందు. గెదే, బాన్‌పూర్, మాఝ్‌దియా, రానాఘాట్ ఒక్కొక్కటే వెనక్కి వెళ్లాయి. చట్టం ప్రకారం వాళ్లింకా భారత్‌లోకి రాలేదు. కిటికీ అవతల మాత్రం భారతదేశపు వరిచేలు, భారతదేశపు సైకిళ్లు. సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో చిత్‌పూర్‌లో దిగి, హాల్లోకి నడిచి, అప్పుడు వచ్చారు దేశంలోకి.

అక్కడే అసలు వరస ఎదురైంది.

మిగిలిన చిక్కులు

బయల్దేరేటప్పుడు జనం కొంచెం కొంచెంగా వస్తారు. చేరేటప్పుడు అందరూ ఒకేసారి దిగుతారు. రైలు నిండితే 456 మంది ఒక్క క్షణంలో కౌంటర్ల మీద పడతారు. గెదేలో పట్టాల మీద వృథా అయిన సమయంలో కొంత చిత్‌పూర్ హాల్లోకి వచ్చి చేరింది. పెద్దాయన ఇక్కడా సూట్‌కేసు మీద కూర్చోవాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే, తన వంతు అయిన మరుక్షణం ఆయన టాక్సీ ఎక్కి హౌరా వెళ్లిపోవచ్చు. వెనకున్నవాళ్ల పెట్టెలతో ఆయనకు పనిలేదు.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కుష్ఠియా, చువాడాంగా జిల్లాలవాళ్ల కళ్లముందే రైలు వెళ్లిపోయేది, ఎక్కడానికి వీల్లేదు. ఇవతల నదియా జిల్లావాళ్లదీ అదే గతి. మూసిన రైలు రెండు మహానగరాల మనుషులకు వరమైతే, గీత పక్కనే బతికే జనానికి ఒరగబెట్టిందేమీ లేదు.

అన్ని రైళ్లకూ ఈ మార్పు పూర్తిగా అందలేదు కూడా. బంధన్ ఎక్స్‌ప్రెస్‌కు మనవైపు తనిఖీ కోల్‌కతాలో జరిగినా, బంగ్లాదేశ్ వైపు తనిఖీ సరిహద్దులోని బేనాపోల్‌లోనే ఉండిపోయింది. కొవిడ్ విరామం తర్వాత 2022 జూన్ 1న న్యూ జల్పాయ్‌గురి నుంచి ఢాకాకు మొదలైన మితాలీ ఎక్స్‌ప్రెస్‌ను మాత్రం మొదటి నుంచీ మైత్రీ పద్ధతిలోనే పెట్టారు. చివరి స్టేషన్లలోనే తనిఖీ, దారిలో మూసిన తలుపులు. పాత పాఠం కొత్త రైలుకు పనికొచ్చింది.

ఇంకో మెట్టు

మైత్రీ పద్ధతిలో దేశం వదిలే ముద్ర ఎక్కే చోట, వచ్చే ముద్ర దిగే చోట. అంటే రెండు వరసలు అలాగే మిగిలాయి. దీన్ని ఒక్క వరస చేసిన చోట్లున్నాయి. లండన్‌లోని మనవాళ్లు పారిస్ వెళ్లేందుకు సెయింట్ పాంక్రాస్‌లో యూరోస్టార్ ఎక్కేటప్పుడు ఫ్రెంచి అధికారి అక్కడే, లండన్ నేల మీదే పాస్‌పోర్టు చూస్తాడు. పారిస్‌లో దిగి నేరుగా వీధిలోకి నడిచిపోవచ్చు. తిరుగు దారిలో బ్రిటిష్ అధికారులు పారిస్‌లోనే ఉంటారు. సింగపూర్ నుంచి జొహోర్ బహ్రూ వెళ్లే షటిల్ రైలుకు ఉడ్‌ల్యాండ్స్‌లోనే రెండు దేశాల పనీ అయిపోతుంది. హాంకాంగ్‌లో 2018 సెప్టెంబరులో తెరిచిన వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో చైనా ప్రధాన భూభాగపు అధికారులు ఒక భాగంలో కూర్చుని తమ చట్టాన్నే అమలు చేస్తారు.

ఈ పద్ధతిలో దిగే చోట వరసే ఉండదు. పైగా వీసా సరిగా లేని మనిషి ఎనిమిది గంటలకు పైగా ప్రయాణించి, అవతల తేలి, వెనక్కి రావాల్సిన అవస్థ తప్పుతుంది. బయల్దేరే చోటే తేలిపోతుంది. అయితే ఒక దేశపు అధికారికి మరో దేశపు నేల మీద ఆపే హక్కు, సంచి విప్పించే హక్కు ఇవ్వాలి. దానికి ఒప్పందం కావాలి, దానికి తగ్గ చట్టం కావాలి. హాంకాంగ్‌లో ఈ విషయం మీద పెద్ద రాజకీయ రగడే జరిగింది. ఆ హక్కు ఇవ్వడమంటే సార్వభౌమత్వంలో ఒక ముక్క కోసి ఇవ్వడమేనన్నది అక్కడి విమర్శకుల వాదన. ఢిల్లీ, ఢాకాల మధ్య నమ్మకం ఆ స్థాయికి ఎన్నడూ రాలేదు.

2024 జులై, ఆ తర్వాత

ఉన్న నమ్మకం కూడా కరిగిపోయింది. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో ఉద్యోగ కోటాల మీద విద్యార్థుల ఆందోళన భగ్గుమంది. మైత్రీ, బంధన్, మితాలీ మూడూ నిలిచిపోయాయి. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి భారత్‌కు వచ్చారు. వీడియో తెర మీద కలిసి జెండా ఊపిన ఇద్దరు ప్రధానుల్లో ఒకరు పదవిలో లేరు. వీసాల జారీ బాగా తగ్గింది. రైళ్లు నెలల తరబడి కదల్లేదు. మొదటి దెబ్బ తగిలింది వేలూరు, చెన్నై ఆస్పత్రులకు వచ్చే రోగులకు.

దేశాల మధ్య రైలు ఏ ఏర్పాటు చేసినా రాజకీయాన్ని దాటి నడవదు. అలాగని ఏర్పాటు వృథా కాదు. సంబంధాలు బాగుపడి రైలు తిరిగి పట్టాలెక్కే రోజున భద్రత పేరుతో ఒక పాత ఆలోచన మళ్లీ తలెత్తవచ్చు. సరిహద్దులోనే దించి చూద్దాం, గట్టిగా ఉంటుంది అని. మైత్రీ అనుభవం చెప్పేది దానికి పూర్తిగా విరుద్ధం. చీరల కట్టతో వచ్చినవాణ్ని గెదేలో పట్టుకున్నారు, ఢాకాలోనూ పట్టుకోగలరు. పైగా ఢాకాలో అధికారికి వెలుతురున్న హాలు ఉంది, స్కానర్ ఉంది, అన్నిటికీ మించి తీరిక ఉంది. గార్డు గడియారం చూస్తూ వెనక నిలబడి ఉండడు. తొందర లేనివాడి తనిఖీయే గట్టి తనిఖీ.

అందుకే రైలు తిరిగి మొదలైన రోజున జెండా ఎవరు ఊపారన్నది కాదు అడగాల్సింది. చిత్‌పూర్‌లో సాయంత్రం నాలుగింటికి ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయి? రోగులకు, ముసలివాళ్లకు వేరే వరస పెట్టారా? కూర్చోవడానికి కుర్చీ ఉందా? బంధన్ ప్రయాణికుల్ని ఇంకా బేనాపోల్‌లో దించుతున్నారా? వీటికి కొత్త ఒప్పందం అక్కర్లేదు, కొత్త పట్టాలూ అక్కర్లేదు. కౌంటర్లో కూర్చునే మరో పదిమంది సిబ్బంది చాలు.